200 రూపాయలను 5,000 చేస్తే సంస్కరణ అయిపోతుందా?

నిన్న పొద్దున్న శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ముంజలు కొందామని ఆగాను. ఏటా వేసవిలో అక్కడ అమ్మే పెద్దాయన కత్తి పక్కన పడేసి, కాయల ముందు ఊరికే కూర్చున్నాడు. జిగురు చేతిని పంచెకు తుడుచుకుని, నాలుగు మడతల కాగితం ఒకటి తీసి, "బావూ, ఇందులో ఏటి రాసారో కాస్త సదివి సెప్పండి" అన్నాడు. తోపుడు బండి దారికి అడ్డంగా పెట్టినందుకు కేసు, కోర్టుకు రావాలి. పది అడుగుల అవతల సగం రోడ్డును మింగేసిన తెల్ల కారు మాత్రం ఎవరికీ అడ్డం కాలేదు. కారుకు మర్యాద ఎక్కువ కదా!

2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినప్పుడు, తెల్లదొరల నాటి శిక్షాస్మృతి (ఐపీసీ) పీడ విరగడైందని మనమంతా చప్పట్లు కొట్టాం. దారికి అడ్డం పెట్టినందుకు పాత 283వ సెక్షన్ కింద జరిమానా 200 రూపాయలు మించేది కాదు. ఇప్పుడు 285వ సెక్షన్ కింద 5,000 వరకూ వేయవచ్చు. సమాజ సేవ అనే కొత్త శిక్షను ఘనంగా తెచ్చి, ఆరంటే ఆరు నేరాలకు పరిమితం చేశారు. తాగి బజారులో వీరంగం వేసినవాడికి, ఒకరి పరువు తీసినవాడికి ఆ వీలుంది. ముంజలమ్మే ముసలాయనకు లేదు. రోజూ సాయంత్రం ఖాళీ కాయలన్నీ ఏరి గోనెసంచిలో కట్టుకుపోయే మనిషి, కూడలి ఊడ్చమంటే ఊడవడా? సంక్రాంతికి కోడి కాలికి కత్తి కట్టేవాడికి మాత్రం, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం, తొలి నేరానికి జరిమానా నేటికీ 10 నుంచి 50 రూపాయలే. ఆ అంకె మీద ఏ సంస్కర్త చూపూ పడలేదు.

అసలు నా కడుపుమంట పాతది. పదేళ్ళ కిందట నిమజ్జనం నాటి మైకు గొడవలో మా తమ్ముడి మీద చిన్న కేసు పడింది. "ఒప్పేసుకో, జరిమానా కట్టేస్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటావు" అని కోర్టు వరండాలో ఒక పెద్దమనిషి ఉచిత సలహా ఇచ్చాడు. వాడు ఒప్పుకుని 100 రూపాయలు కట్టాడు. రెండేళ్ళ తర్వాత ఒక ఉద్యోగానికి రాతపరీక్ష, పరుగు రెండూ నెగ్గి, "ఎన్నడైనా శిక్ష పడిందా?" అన్న గడి దగ్గర నిజం రాసి, ఆ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. చీకటి విడకముందే కుర్రాళ్ళు రోడ్ల మీద పరుగులు తీసే మా జిల్లాలో ఆ 100 రూపాయల విలువ ఎంతో లెక్క కట్టండి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద కోర్టు శిక్ష వేయకుండా మందలించి వదిలేసి ఉంటే, దాని 12వ సెక్షన్ ప్రకారం నేరం రుజువైనందుకు వచ్చే అనర్హత వాడికి అంటేది కాదు. ఆ రోజు ఆ మాట చెప్పిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

నిన్న పెద్దాయన కూడా, "ఒప్పేసుకుంటే అయిపోద్దా బావూ?" అనే అడిగాడు. అయిపోతుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాయిదా రోజున నేనూ వెంట వెళ్తున్నాను. ఆ 12వ సెక్షన్‌ను అచ్చు తీయించి జేబులో పెట్టుకున్నాను.