ఉక్కపోతకు లెక్క లేదా?

మే నెలలో ఒక మధ్యాహ్నం రామగుండంలో ఉష్ణోగ్రత 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్నాయనుకుందాం. అదే వేళకు విశాఖపట్నంలో 34 డిగ్రీలు, తేమ 75 శాతం. ఎండ వార్తల్లోకి ఎక్కేది రామగుండమే. కానీ బల్బుకు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు అక్కడ 24 డిగ్రీల దగ్గర ఆగితే, విశాఖలో 30 దాకా వెళుతుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఆ చెమటను ఆరబెట్టే శక్తి గాలికి ఎంత మిగిలిందో చెప్పే కొలత ఇది. ఇది 35కు చేరితే నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని శాస్త్రవేత్తలు 2010లో అంచనా వేశారు. అసలు హద్దు అంతకన్నా కిందే ఉందని తరువాతి ప్రయోగాలు తేల్చాయి. రామగుండం ఎండ ప్రమాదకరం కాదని మేం అనడం లేదు. అక్కడ వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లినా, కూలర్ పెట్టినా గది చల్లబడుతుంది. విశాఖలో అదే కూలర్ గదిలో ఉన్న తేమకు మరికొంత తేమను కలుపుతుంది.

వేడి నగరాలను ఏ తరగతిలో చేర్చాలన్న చర్చను శాస్త్రవేత్తలకు వదిలేస్తే చాలదనడానికి కారణం ఇదే. ఆ తరగతిని బట్టే హెచ్చరికలు వెలువడతాయి, పని వేళలు మారతాయి, గోడలు లేస్తాయి.

ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో చదువుకునేది శీతోష్ణస్థితి శాస్త్రవేత్త కొప్పెన్ చేసిన వర్గీకరణను. 1884లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు ఆయన దాన్ని దిద్దుతూ వచ్చారు. ఏ నేలలో ఏ మొక్క బతుకుతుందన్నదే దానికి పునాది. అత్యంత చల్లని నెల సగటు 18 డిగ్రీలకు తగ్గకుండా, నేల ఎండిపోనంత వాన పడితే అది ఉష్ణమండలం. ఈ కొలత ప్రకారం విశాఖపట్నం, విజయవాడ, బెంగళూరు మూడూ ఒకే గడిలో, ఉష్ణమండల సవన్నాలో (చెట్లు పలచగా ఉండే గడ్డినేలల తరగతిలో) పడతాయి. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులోని మే రాత్రినీ, విశాఖలోని మే రాత్రినీ ఒకటే అనడం ఆ రెండు ఊళ్లలో ఉన్నవారెవరూ ఒప్పుకోరు. హైదరాబాద్‌ది మరో చిక్కు. సవన్నాకు, అర్ధశుష్కానికి మధ్య ఏడాది సగటు ఉష్ణోగ్రతను బట్టి ఈ పద్ధతి గీసే హద్దు అక్కడ 800 మిల్లీమీటర్ల వర్షపాతానికి కాస్త పైన పడుతుంది. నగరంలో కురిసే వాన కూడా దాదాపు అంతే. ఏ ముప్పై ఏళ్ల లెక్కలు తీసుకున్నామన్న దాన్ని బట్టి నగరం ఒకసారి సవన్నా, ఒకసారి అర్ధశుష్కం అవుతుంది. అడవుల పటానికి ఇది మంచి పనిముట్టే. మనుషుల ఆరోగ్యానికి దీన్నే ప్రమాణం చేసుకోవడం మాత్రం తగదు.

వేరే కొలబద్ద వెతకాలన్న ఈ ఆలోచన తెలుగు నేలకు కొత్త కాదు. నేలా మొక్కలూ గాలికి ఎంత నీటిని ఇవ్వగలవో లెక్కించి, దాన్ని వానతో పోల్చే పద్ధతిని అమెరికా శాస్త్రవేత్త థార్న్‌త్వైట్ 1948లో తెచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన వి.పి. సుబ్రహ్మణ్యం ఆ పద్ధతిలో భారతదేశ శీతోష్ణస్థితిని 1956లోనే వర్గీకరించారు. అవసరాన్ని బట్టి కొలబద్దను మార్చుకోవచ్చన్న స్పృహ మనకు అప్పటి నుంచీ ఉంది.

భవన నిర్మాణ నియమావళి కొంత మెరుగు. దేశాన్ని అది ఐదు మండలాలుగా విభజించింది: వేడి-పొడి, వెచ్చని-తేమ, సమశీతోష్ణం, చలి, మిశ్రమం. బెంగళూరు సమశీతోష్ణంలోకి, విశాఖ వెచ్చని-తేమలోకి వెళ్లాయి. హైదరాబాద్ మిశ్రమంలో పడింది. ఒకే రకం పరిస్థితి ఆరు నెలలకు మించి లేని ఊరు ఏదైనా మిశ్రమమే. అంటే ఢిల్లీ, హైదరాబాద్ ఒకే మండలం! ఢిల్లీ జనవరి చలికి, హైదరాబాద్ జనవరికి పోలిక ఎక్కడ? పైగా విజయవాడ లాంటి ఊరు ఏ ఒక్క గడిలోనూ ఇమడదు. మేలో పడమటి గాలి వీచినన్నాళ్లూ అక్కడ పొడి సెగే, పాదరసం 45 దాటిన రోజులూ ఉన్నాయి. సముద్రపు గాలి తిరిగిన మర్నాడే పాదరసం దిగి, ఉక్క మొదలవుతుంది. ఊరు అదే, వారం తేడాలో గడి వేరు.

మా అభ్యంతరం ప్రధానంగా హెచ్చరికల కొలమానం మీద. భారత వాతావరణ విభాగం మైదానాల్లో 40, తీరంలో 37 డిగ్రీలు దాటి, సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు పెరిగితే వడగాలిగా పరిగణిస్తుంది. తీరానికి వేరే హద్దు పెట్టడం సబబే. రాత్రుల విషయంలో మాత్రం ఆ వివేకం కనిపించదు. ‘వెచ్చని రాత్రి’ అని ప్రకటించాలంటే పగలు 40 డిగ్రీలు ఉండాలి, రాత్రి కనిష్ఠం సాధారణం కన్నా 4.5 డిగ్రీలు పెరగాలి. విశాఖలో మే నెల రాత్రి కనిష్ఠమే సుమారు 27, 28 డిగ్రీలు. సముద్రం పక్కన ఉష్ణోగ్రత ఒక్కసారిగా అంత ఎగబాకదు. కాబట్టి తెల్లవార్లూ నిద్ర లేక ఒళ్లు తడిసి ముద్దయ్యే రాత్రి ఈ లెక్కలోకి దాదాపుగా ఎన్నటికీ రాదు. పగటి వేడి నుంచి గుండె కోలుకోవలసింది రాత్రిపూటే. ఆ అవకాశం లేకపోతే వృద్ధులు, రేకుల ఇళ్లలో ఉండేవారు మొదట కూలబడతారు.

నగరానికో శాశ్వత తరగతి లేకపోతే ఇంజనీర్లు దేన్ని పట్టుకుని గోడ కడతారని కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఇల్లు వారానికోసారి మారదు. అయితే కోనసీమ మండువా లోగిళ్లు గాలి ఆడటానికీ, సీమ మట్టి మిద్దెలు మందపాటి గోడలతో సెగను ఆపడానికీ కట్టినవే. ఇప్పుడు రెండు చోట్లా ఒకే కాంక్రీటు శ్లాబు పోస్తున్నాం, పగలంతా మింగిన వేడిని అది రాత్రి గదిలోకి వదులుతోంది. గోడకు స్థిరమైన మండలం ఉండనివ్వండి. హెచ్చరికకు, కూలీల పని వేళలకు మాత్రం ఆనాటి తేమా ఆ రాత్రి కనిష్ఠమూ ఆధారం కావాలి.

2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. ఉష్ణోగ్రతకు తేమను కలిపి చూపే సూచికను వాతావరణ విభాగం 2023 నుంచి ప్రయోగాత్మకంగా ఇస్తోంది. దాన్ని ప్రయోగ దశ దాటించి అధికారిక హెచ్చరికలకు ఆధారం చేయాలి. తీరప్రాంత రాత్రులకు 40 డిగ్రీల షరతును తొలగించి, అక్కడి సహజ హెచ్చుతగ్గులకు తగిన హద్దు పెట్టాలి. కేంద్రం కదిలే దాకా ఆగనక్కర్లేదు. వచ్చే వేసవికి ముందే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విశాఖ, కాకినాడ, నెల్లూరు నగరాల వేసవి ప్రణాళికల్లో తేమను, రాత్రి ఉష్ణోగ్రతను చేర్చవచ్చు. కొత్తగా లేస్తున్న అమరావతి భవనాలకు కృష్ణా తీరపు పొడి సెగా ఉక్కా రెండూ లెక్కలోకి వచ్చే నిబంధనలు ఇప్పుడే రాయాలి, గోడలు లేచాక కాదు.