విప్పడానికి వీల్లేని లాప్‌టాప్ మనకెందుకు?

కొత్త లాప్‌టాప్ కొనేవాళ్లు డబ్బు కట్టే ముందు ఒక్క మాట అడగండి: ర్యామ్ (పని చేసేటప్పుడు కంప్యూటర్ వాడుకునే మెమరీ) విడిగా వస్తుందా, లోపలి ప్రధాన బోర్డుకే సోల్డర్ చేసేశారా, అంటే ఊడదీయడానికి రాకుండా అతికించేశారా? మా తమ్ముడిది చూశాక చెప్తున్నా. పేరున్న కంపెనీదే, సన్నగా ముచ్చటగా ఉండేది, వారంటీ అయిన కొన్నాళ్లకే ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. ర్యామ్ పోయింది, అది బోర్డులోనే ఉంది కాబట్టి మదర్‌బోర్డు మొత్తం మార్చాలన్నారు సర్వీస్ సెంటర్‌లో. చెప్పిన రేటు కొత్తదాని ధరలో సగం పైమాటే. ఒక్క చిప్ పోతే మిషన్ మొత్తం పారేయాలా? ఇదెక్కడి న్యాయం?

వాణ్ని చెన్నైలో ఎలక్ట్రానిక్స్ అమ్మే రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్లి సెకండ్ హ్యాండ్ లెనోవో థింక్‌ప్యాడ్ టీ480 లాప్‌టాప్ కొనిపించాను, 2018 మోడల్. కౌంటర్ మీదే అడుగు మూత విప్పించా. స్క్రూలు వదులైనా కింద పడిపోకుండా మూతకే ఉంటాయి. లోపల రెండు ర్యామ్ స్లాట్లు, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్, అన్నీ చేతికి అందేలా ఉన్నాయి. బ్యాటరీలు రెండు, ఒకటి లోపల, ఇంకోటి వెనక నుంచి లాగితే వచ్చేస్తుంది, లోపలి దాంట్లో చార్జింగ్ ఉంటే పని ఆపకుండానే దాన్ని మార్చుకోవచ్చు. ఏ భాగం ఎలా విప్పాలో బొమ్మలతో సహా మాన్యువల్ లెనోవో వాళ్లే నెట్‌లో పెట్టారు. ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ కాబట్టి విండోస్ 11 కూడా నడుస్తుంది. 2011 నాటి థింక్‌ప్యాడ్ టీ420 ఇంకా గట్టిది, కీబోర్డు అయితే చెప్పక్కర్లేదు, కాకపోతే విండోస్ 11కి అది అధికారికంగా పనికిరాదు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, కాబట్టి దానికి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోవడమే మేలు.

ఈ పాతవాటికి బరువెక్కువ, చాలావాటిలో స్క్రీన్ వెలుగు తక్కువ, నిజమే. బ్యాటరీ కొత్తది వేయించాల్సి రావచ్చు. అయినా బరువు తప్ప మిగతావన్నీ మార్చుకోగలిగేవి కదా!

సోల్డర్ చేస్తే కరెంటు ఆదా, సన్నగా వస్తుంది అంటారు కంపెనీలవాళ్లు. ఆ తక్కువ కరెంటు ర్యామ్‌నే స్క్రూలతో బిగించే ఎల్‌పీక్యామ్2 పద్ధతి వచ్చింది, 2024లో థింక్‌ప్యాడ్ పీ1లో పెట్టి అమ్మారు కూడా. అంటే కుదరక కాదు, పెట్టాలని లేక. మరమ్మతు లేకపోతే మళ్లీ మనమే కొంటామని వాళ్ల ధైర్యం.

ఒక్క జాగ్రత్త. ఇలాంటి సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్‌లు చాలావరకు ఆఫీసులు వాడి వదిలేసినవి. షాపులోనే ఆన్ చేసి ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగ్‌ల స్క్రీన్) వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగిందంటే ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు, అది తెలియకపోతే లెనోవో లెక్క ప్రకారం బోర్డు మార్చాల్సిందే.