అర్జీ పెట్టావా?

మొన్న మన తెలుగు సంఘం దీపావళి సంబరాల్లో పిల్లల నృత్యాలు అయిపోయి, భోజనాలకు లేవబోయే ముందు వేదిక మీద ఒక పెద్దమనిషి అన్న మాట నన్ను ఇంకా వదలడం లేదు. "ఇన్నేళ్ళయింది ఈ దేశానికి వచ్చి, మన తెలుగువాళ్ళు ఒక్కరూ ప్రభుత్వం ముందు చేయి చాచలేదు" అన్నారాయన. హాలంతా చప్పట్లతో మోగిపోయింది.

ఆ రోజుకు షట్‌డౌన్, అంటే ఖర్చులకు అనుమతి దొరక్క అమెరికా కేంద్ర ప్రభుత్వ పనులు ఆగిపోవడం, మొదలై నెల దాటింది. 2025 అక్టోబరు 1 నుంచి జీతం లేక ఇంట్లో కూర్చున్నవాళ్ళు, జీతం లేకుండానే రోజూ విధులకు వెళ్తున్నవాళ్ళు ఆ హాల్లో ఎందరున్నారో మనకు తెలియనిది కాదు. మనం ఉంటున్నది వాషింగ్టన్ పక్కన. నా ముందు వరుసలో ఒకావిడ చప్పట్లకు చేతులెత్తి, మళ్ళీ దించేసుకుని కొంగు సర్దుకుంది. మావారు తల వంచుకుని ఫోను చూసుకుంటూ ఉండిపోయారు.

ఆ మాట అన్నాయన చెడ్డవారు కారు. ఎవరింట్లో కష్టమొచ్చినా అర్ధరాత్రి కారు తీసే మనిషి. అందుకే ఇది ఆయన చదవాలని రాస్తున్నాను.

మావారు చాలా ఏళ్ళు ప్రైవేటు కంపెనీల్లో పనిచేసి, చివరికి ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థలో చేరారు. జీతం తగ్గినా సరే, నిలకడ ఉంటుందని. మా మామగారు ఆంధ్రలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. కొడుకు "గవర్నమెంటు"లో చేరాడని విన్న రోజున ఆయన గొంతులో పలికిన తృప్తి నాకు బాగా గుర్తు. పది నెలలకే, 2025 ఫిబ్రవరిలో, ప్రొబేషన్‌లో ఉన్నవారిని తీసేస్తున్నామని ఉత్తరం వచ్చింది. పనితీరు బాగాలేదని అందులో ఒక వాక్యం. మూడు నెలల ముందు ఆయన పనిని మెచ్చుకున్న అధికారికి కూడా ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

ఏడు వారాలు ఆయన నిరుద్యోగ బీమాకు దరఖాస్తు పెట్టలేదు. ఫారాలు తెలియక కాదు. నిరుద్యోగ బీమా గురించి తెలిపే నోటీసు ఎస్‌ఎఫ్-8, ఉద్యోగ వివరాలుండే పత్రం ఎస్‌ఎఫ్-50, రెండూ ఒక కవరులో పెట్టి సొరుగులో వేశారు. అడిగితే "రెండు వారాల్లో ఏదో ఒకటి దొరుకుతుందిలే" అనేవారు. ఆదివారం మామగారికి వీడియో కాల్ చేసేటప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవారు. "ఆఫీసు ఎలా ఉందిరా?" "బాగుంది నాన్నా." ఆ నాలుగు మాటలూ విన్నాక నాకు వంటింట్లో పని ఏదీ తోచేది కాదు.

చివరికి నేనే మామగారికి చెప్పేశాను. గుండె పట్టుకుని కూర్చుంటారని భయపడ్డాను. ఆయన ఒక్క నిమిషం మౌనంగా ఉండి, "అర్జీ పెట్టావా? ఏ తేదీ వేశావు?" అని మావారిని అడిగారు. ఆ తర్వాత 1986 సమ్మె సంగతి చెప్పారు. ఎన్జీవోలు, అంటే నాన్-గెజిటెడ్ ప్రభుత్వ ఉద్యోగులు, 50 రోజులకు పైగా పనిలోకి వెళ్ళని రోజులవి. జీతం లేదు, ఇంట్లో ముగ్గురు పిల్లలు. కిరాణా కొట్టాయన ఖాతాలో రాసుకుని బియ్యం పంపేవాడట. "అందులో నామోషీ ఏముందిరా, మళ్ళీ ఉద్యోగంలో చేరాక కట్టేశాం" అన్నారు.

ఆ రాత్రే దరఖాస్తు పెట్టాం, అదీ తప్పు చోట. ఇల్లు మేరీలాండ్‌లో ఉంది కదా అని మేరీలాండ్‌లో పెట్టాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి సాధారణంగా తన డ్యూటీ స్టేషన్, అంటే పనిచేసే చోటు, ఏ రాష్ట్రంలో ఉందో అక్కడ పెట్టాలి. ఎస్‌ఎఫ్-50లో దానికి ఒక గడి ఉంటుంది. మావారి ఆఫీసు వాషింగ్టన్ డీసీలో. ఇది చిన్న విషయం కాదు. అప్పట్లో వారానికి గరిష్ఠంగా డీసీలో 444 డాలర్లు, మేరీలాండ్‌లో 430, నది దాటితే వర్జీనియాలో 378. జరిగిపోయిన వారాలకు సాధారణంగా వెనక్కి వెళ్ళి ఇవ్వరు. ఆ ఏడు వారాల మౌనం విలువ మాకు 3,108 డాలర్లు.

"నిరుద్యోగ భృతి" అనగానే మన చెవికి ఎన్నికల హామీ వినిపిస్తుంది. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో చదువుకున్న నిరుద్యోగులకు నెలకు 1,000 రూపాయలు ఇచ్చారు, అలాంటిదే ఇదీ అనుకుంటాం. కాదు. ఇక్కడిది బీమా. 1935 సామాజిక భద్రత చట్టంతో ఏర్పడ్డ ఈ ఏర్పాటులో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు మొదట చోటే లేదు. వాళ్ళకోసం 1954లో చట్టం చేస్తే 1955 నుంచి అమలులోకి వచ్చింది. చెల్లించేది రాష్ట్రం, దానికి ఆ డబ్బు తిరిగి ఇచ్చేది యజమాని, అంటే ఆ ఉద్యోగి పనిచేసిన ప్రభుత్వమే. అసలు భృతి అన్న మాటకు సంస్కృతంలో కూలి, జీతం అనే అర్థం. భృత్యుడూ అక్కడి నుంచి వచ్చినవాడే. పనిచేసినవాడికి ఇచ్చేది భృతి. దాన్ని దానం కింద మార్చుకున్నది మనం.

ఆత్మాభిమానం తక్కువదని నేను అనను. అప్పు చేయకుండా బతకమని చెప్పిన తల్లిదండ్రుల వల్లే మనం ఇంతవరకు వచ్చాం. అర్హత లేనివారు తీసుకుంటే తప్పే. షట్‌డౌన్ రోజుల్లో ఇంట్లో కూర్చోబెట్టినవారు ఈ బీమా తీసుకుంటే, 43 రోజుల బకాయి జీతం అందాక తిరిగి కట్టాలి, అది న్యాయమే. జీతం లేకుండా పూర్తికాలం పనిచేసినవారికి మాత్రం ఇదీ లేదు. కానీ ఆ అభిమానం ఒక మనిషిని కన్నతండ్రి ముందు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అబద్ధమాడేలా చేస్తే, దానికి మనం చప్పట్లు కొట్టకూడదు. ప్రతి ఆదివారం మావారు కంప్యూటర్ ముందు కూర్చుని, ఈ వారం పనికి సిద్ధంగా ఉన్నారా, వచ్చిన పని ఏదైనా వద్దన్నారా అన్న ప్రశ్నలకు నిజాయితీగా జవాబులు నింపేవారు. ఆగస్టులో వేరే ఉద్యోగం దొరికేదాకా నింపారు. అది చేయి చాచడం కాదు.

కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. వీసాలకు, పన్నులకు, కళాశాల ప్రవేశాలకు సదస్సులు పెడుతున్నాం. వచ్చే ఉగాదికి, పచ్చడి పంచే చోటికి కాస్త ఎడంగా, దాటిపోయేవారు ఎవరు కూర్చున్నారో చూడలేని మూలలో ఒక బల్ల వేయించండి. బోర్డు ఏమీ వద్దు. ఎస్‌ఎఫ్-50లో ఆ గడి ఎక్కడుందో చూపించడానికి మావారు వస్తానన్నారు. నేనూ కూర్చుంటాను.