సవరణ: ‘నాక్ ఆఫ్’ అంటే ఎంత తగ్గినట్టు?

ధరలు, కొనుగోళ్లకు సంబంధించిన ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బుల (క్రియకు ‘ఆఫ్’, ‘డౌన్’ లాంటి చిన్న మాట చేరి కొత్త అర్థమిచ్చే పదబంధాల) గురించి మొన్న రాసినదాంట్లో ఒక తప్పు దొర్లింది. ‘నాక్ ఆఫ్’ పక్కన 50 ఉంటే వస్తువు ధర 50కి దిగినట్టని రాశాను. అది పొరపాటు, నాదే.

ఆ అంకె తగ్గింపును చెబుతుంది, మిగిలిన ధరను కాదు. 200 ఉన్న చొక్కా మీద దుకాణదారు 50 ‘నాక్ ఆఫ్’ చేస్తే మనం చెల్లించాల్సింది 150. ధర నిజంగానే 50కి పడిపోతే ‘నాక్ డౌన్ టు’ అనాలి. ఇక్కడ ‘టు’ మన ‘కి’ లాంటిది, అది లేకపోతే లెక్క మారిపోతుంది. నేను దాన్నే మింగేశాను. ఒక పాఠకురాలు ఎత్తిచూపాక అభ్యాసకుల నిఘంటువులు తిరగేస్తే ఆమె మాటే నిజమని తేలింది.

ఇంకొకటి. మధ్యలో అడ్డగీతతో నామవాచకంగా కనిపించే ‘నాక్-ఆఫ్’కు తగ్గింపుతో సంబంధం లేదు. అది పేరున్న సరుకుకు చవక నకలు. రాయితీ అనుకొని కొనేరు!

మొన్నటి వ్యాసంలో ‘షాప్ అరౌండ్’ (కొనేముందు నాలుగు దుకాణాల్లో ధరలు పోల్చి చూడడం), ‘సెల్ అవుట్’ (సరుకంతా అమ్ముడైపోవడం)లకు ఇచ్చిన అర్థాలు సరైనవే, వాటిని మార్చలేదు.