సవరణ: ప్యానెల్ పీఠానికి 60 కిలోలు చాలవు, 160 కావాలి

చారిత్రక భవనాల ప్రాంగణంలో సందర్శకులు చేత్తో తిప్పి చూసే ప్యానెళ్లకు, రాతి నేలకు రంధ్రం పెట్టకుండా పీఠంపై 60 కిలోల బరువు పెడితే చాలని గత పోస్టులో రాశాం. అది తప్పు. దయచేసి అలా నిలబెట్టకండి.

ఆ లెక్కలో గాలి వేగం గంటకు 54 కి.మీ. అనుకున్నాం, భద్రతకు అదనంగా ఏమీ కలపలేదు. 72 కి.మీ. గాలికి 2 మీటర్ల ఎత్తు, 1 మీటరు వెడల్పున్న ప్యానెల్‌పై సుమారు 620 న్యూటన్ల బలం పడుతుంది. పీఠం ముందు నుంచి వెనక్కి 1.2 మీటర్లయితే ఒరగకుండా ఆపడానికే 106 కిలోలు కావాలి. భద్రత కోసం దానికి ఒకటిన్నర రెట్లు తీసుకుంటే 160. సింహద్వారానికి ఎదురుగా అసలు పెట్టొద్దు, కమాను సందులోంచి గాలి విసురుగా దూసుకొస్తుంది.

పీఠం కింద నల్ల రబ్బరు వేయమన్నదీ పొరపాటే. అది సున్నపురాయిపై మరక దింపుతుంది, కడిగినా పోదు. పీఠానికీ రాతికీ మధ్యలో జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీరు దిగనిచ్చే సింథటిక్ గుడ్డ) పరవండి.