సోమశిల బ్రిడ్జి: అద్దాల దారి సరే, బస్సు సంగతేంది?

తెలంగాణల కొల్లాపూర్ దగ్గరి సోమశిల ఘాటు మీద నిలబడితే కృష్ణ అవతల ఆంధ్ర దిక్కు సిద్ధేశ్వరం గుట్టలు కండ్ల ముందే ఉంటయి, కానీ బండి మీద అటు పోవాలంటే కొల్లాపూర్ నుంచి పెబ్బేరు, బీచుపల్లి, కర్నూలు, నందికొట్కూరు అన్నీ చుట్టి ఆత్మకూరు దిక్కు రావాలె. లేదంటే బోటే. బైకులు, మేకపిల్లలు, నూనె డబ్బాలు అన్నీ దాంట్లోనే, లైఫ్ జాకెట్ ఉంటే దాన్ని ముడ్డి కింద వేసుకుని కూసుంటరు.

శ్రీశైలం డ్యాం కట్టినంక వెనుక నీళ్లు ఇంత వెడల్పు పరుచుకున్నయి, ఊర్లు మునిగినయి, మంచాలకట్టల ఉన్న మాధవస్వామి గుడిని రాయి రాయి విప్పి కొల్లాపూర్ల కట్టిన్రు. గుడిని తెచ్చిన్రు గానీ దారిని తేలేదు. అదే మంచాలకట్ట దగ్గర 2007 జనవరిలో బోటు మునిగి 60 మందికి పైగా పోయిన్రు, అప్పటి నుంచి ప్రతి ఎలక్షన్ల బ్రిడ్జి మాట వినపడుతనే ఉంది.

చివరికి 2022 అక్టోబర్‌ల కేంద్రం ఓకే చెప్పింది. దాదాపు 1,082 కోట్లు, 30 నెలలల్ల పూర్తి అన్నరు, కల్వకుర్తి నుంచి వచ్చే 167కె హైవే దీని మీదికెళ్లే పోతది. కేబుళ్ల మీద వేలాడే బ్రిడ్జి, కేబుళ్లను పట్టుకునే గోపురం లెక్క స్తంభం (పైలాన్), లైటింగ్, నడిచెటోళ్లకు అద్దాల దారి, అంతా ఐకానిక్. హైదరాబాద్ నుంచి తిరుపతికి 80 కిలోమీటర్ల దాకా తగ్గుతదని కూడా చెప్పిన్రు. మంచిదే, కాదనను. కానీ ఆ 30 నెలలు అప్పటి నుంచి లెక్కేస్తే 2025 ఎండాకాలంలనే అయిపోయినయి, నాకైతే ఈ సోకుల వల్లనే లేటేమో అని ఒక అనుమానం, మామూలు బ్రిడ్జి అయినా మాకు సరిపోయేది కదా.

అసలు చూడాల్సింది వేరే ఉంది. కొల్లాపూరోళ్లు రోజూ తిరుపతి పోరు. బిడ్డనిచ్చిన ఊరికి పోతరు, చావుకు పోతరు, మామిడికాయ అమ్ముకోను పోతరు. హైవే అంటే కార్లు సర్రున పోతయి, ఊరికేం ఒరగదు, రెండు రాష్ట్రాల ఆర్టీసీలు కూసుని ఈ దారిల ఊరూరికి ఆగే బస్సులు ఎన్ని, ఏ టైముకు అని ఇప్పుడే మాట్లాడుకోవాలె. బోట్ల మీద బతికెటోళ్ల సంగతి కూడా ఎవరూ ఎత్తుతలేరు, సోమశిలకు టూరిస్టులొస్తరు కాబట్టి వాళ్లను బోట్లల తిప్పే పని ఈ బోటోళ్లకే అప్పజెప్పొచ్చు.

మా మేనత్తను అటు దిక్కే ఇచ్చిన్రు. అద్దం కింద కృష్ణమ్మను చూసే సరదా ఆమెకు లేదు, పుట్టింటికొచ్చి పొద్దు గూకేలోపు వాపస్ పోయే బస్సు ఉంటదా అని ఫోన్ల అడుగుతది.