వచనం అంకెతో వెతకండి

బైబిల్ పరిశోధనకు వ్యాసాలు దొరకడం లేదని విద్యార్థులు అంటే నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు. చాలామంది సెర్చ్ పెట్టెలో ‘బైబిల్లో ఆత్మ’ అని కొడతారు, వేలల్లో ఫలితాలు వస్తాయి, మొదటి పేజీ చూసి కంప్యూటర్ మూసేస్తారు. వ్యాసాలకు కొదవ లేదు. అవి ఏ వరుసలో సర్ది ఉన్నాయో తెలియకపోవడమే చిక్కు.

ఈ రంగంలో చర్చ అంతా పుస్తకం, అధ్యాయం, వచనం చుట్టూ తిరుగుతుంది. మత, వేదాంత వ్యాసాల సూచిక అయిన ‘అట్లా (Atla) రిలిజియన్ డేటాబేస్’ ఆ సంగతి గ్రహించి కట్టినది. అందులో లేఖన సూచిక విడిగా ఉంటుంది. యోవేలు తెరిచి, రెండో అధ్యాయంలోకి వెళ్లి, 28వ వచనం దగ్గర ఆగితే, ఆ వచనాన్ని చర్చించినట్టు నమోదైన వ్యాసాలు వరుసగా కనిపిస్తాయి. శీర్షికలో యోవేలు పేరే లేని వ్యాసం కూడా అక్కడ దొరకవచ్చు. ఎవరో ఒకరు వ్యాసం చూసి అది ఏ వచనం గురించో రాసిపెట్టారు కాబట్టే ఇది సాధ్యం. మామూలు సెర్చ్ ఇంజన్ అక్షరాలను చూస్తుందే తప్ప ఈ పని చేయదు.

అయితే అంకెల దగ్గర ఒక మెలిక ఉంది. పెంతెకొస్తు నాడు పేతురు ఎత్తిచెప్పిన ఆ యోవేలు మాటలు మన బైబిల్లో 2:28-32. హెబ్రీ మూలంలో మాత్రం అవి 3:1-5, ఎందుకంటే అక్కడ యోవేలుకు నాలుగు అధ్యాయాలు. జర్మన్ పండితులు ఎక్కువగా హెబ్రీ లెక్కే వాడతారు. కీర్తనలదీ అదే గొడవ: మనకు 23వది గ్రీకు, లాటిన్ బైబిళ్లలో 22వది. అందుకే పండిత పత్రికల ఆన్‌లైన్ భాండారమైన జేస్టోర్ (JSTOR) లాంటి చోట పదాలతో వెతికేటప్పుడు రెండు అంకెలూ వేసి చూడాలి. పుస్తకం పేర్లకూ ఇదే వర్తిస్తుంది. ప్రసంగిని పండితులు కోహెలెత్ అని కూడా రాస్తారు. ఒక్క పేరుతోనే వెతికితే రెండో పేరుతో రాసినవాళ్లంతా జారిపోతారు.

ఇక ‘ఫుల్ టెక్స్ట్ మాత్రమే’ అనే గడి, అంటే అక్కడే పూర్తిగా తెరిచి చదవగలిగిన వ్యాసాలనే చూపించేది. దాని మీద నాకు కోపమే. టిక్ పెట్టగానే ఫలితాలు తగ్గి మనసు కుదుటపడుతుంది, నిజమే. కానీ అక్కడ మిగిలేవి మన లైబ్రరీ కట్టిన చందాలో వచ్చినవి, అంతే. అవే మంచివని ఎవరూ చెప్పలేదు. జేస్టోర్‌లో జర్నల్ ఆఫ్ బిబ్లికల్ లిటరేచర్ 1881 నాటి మొదటి సంచిక నుంచీ చదవొచ్చు. కానీ అక్కడ చాలా పత్రికల తాజా సంచికలు కొన్నేళ్లు ఆలస్యంగా చేరతాయి. అంటే అక్కడే ఆగిపోయినవాళ్లు నిన్నటి చర్చను నేటిదనుకుని రాసేస్తారు. ముందు సూచికలో ఏమేం ఉన్నాయో చూసుకోవాలి, ఏది ఎక్కడ చదవొచ్చన్న వెతుకులాట ఆ తర్వాత. మన దగ్గర లేని వ్యాసాన్ని వేరే లైబ్రరీ నుంచి తెప్పించమని అడగొచ్చు.

పీర్ రివ్యూ (అచ్చుకు ముందు తోటి పండితుల పరిశీలన) గడిదీ కొంత మాయే. అది పత్రికను బట్టి వడపోస్తుంది, వ్యాసాన్ని బట్టి కాదు. పండిత పత్రికల వెనక పేజీల్లో వచ్చే పుస్తక సమీక్షలు కూడా అలా లోపలికి వచ్చేస్తుంటాయి. రెండు పేజీల సమీక్షను పరిశోధన వ్యాసంగా ఉదహరించిన థీసిస్‌లు ఇలాగే పుడతాయి.

భాష అడ్డమనుకునేవారికి న్యూ టెస్టమెంట్ అబ్‌స్ట్రాక్ట్స్, ఓల్డ్ టెస్టమెంట్ అబ్‌స్ట్రాక్ట్స్ అనే సారాంశాల సంకలనాలు ఉన్నాయి. మొదటిది 1956లో, రెండోది 1978లో వచ్చాయి. జర్మన్, ఫ్రెంచ్ వ్యాసాల సారాంశాన్ని కూడా ఇంగ్లీషులో ఇస్తాయి. ఆ సారాంశం చదివాక వ్యాసం కోసం ఎంత కష్టపడాలో తేల్చుకోవచ్చు. చదవకుండానే దాన్ని పాదసూచికలో పెట్టేసేవారూ ఉన్నారు, అది వేరే కథ.

ఈ డేటాబేస్‌లకు చందా కట్టలేని సంస్థల విద్యార్థులు జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం నడిపే ఇండెక్స్ థియోలాజికస్ అనే వ్యాసాల సూచికను ఉచితంగా వాడుకోవచ్చు. అందులోనూ వచనం అంకె ఇచ్చి వెతకొచ్చు.